అర చిటికెడు ఉప్పు

పోయిన వారం సుమశ్రీని పంజగుట్ట సూపర్ మార్కెట్ మెట్ల మీద వదిలేసి వచ్చేశాం. రెండు చేతుల్లో రెండు సంచులు, భుజాన హ్యాండ్‌బ్యాగు, అమీర్‌పేట అంత దగ్గరికి రానని వెళ్ళిపోయిన మూడో ఆటోవాడి మీద ఒళ్ళు మండే కోపం. సంచుల్లో గొట్టాల్లాంటి పాస్తా, క్రీమ్ ప్యాకెట్టు, రెండు రంగుల క్యాప్సికం, అరకిలో రొయ్యలు ఉన్నాయి. హ్యాండ్‌బ్యాగులో ఆఫీసులో టీమ్ లీడ్ ఒలీవియా ఇచ్చిన ఎర్ర డబ్బా ఉంది. ఒలీవియా కంపెనీ పని మీద మూణ్ణెల్లు అమెరికాలో లూసియానాకి వెళ్ళొచ్చి, అక్కడి కేజున్ మసాలా అని ఆ డబ్బా తెచ్చింది. "అది కూడా మీ కోనసీమలాంటి చోటే. నీళ్ళు, వరి, రొయ్యలు, కారం. మీ అత్తగారికి నచ్చకపోతే నన్నడుగు" అని వంట పద్ధతి కాగితం మీద రాసి మరీ ఇచ్చింది.

ఇవన్నీ పైకి కనిపించే సామాన్లు. కనిపించనిది ఇంకొకటుంది. కొండాపూర్‌లో కొత్త అపార్టుమెంటు, మూడో అంతస్తు, రెండు పడకగదుల అద్దె ఇల్లు. భర్త వంశీకృష్ణతో కలిసి చూసొచ్చింది. సోమవారం పదింటికల్లా వచ్చి తాళాలు తీసుకోకపోతే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తానన్నాడు ఓనరు. ఇవాళ ఆదివారం. అత్తగారికీ మామగారికీ ఈ కబురు ఇంకా తెలీదు. రాత్రి భోజనాలయ్యాక వంశీ చెప్పాలని, దానికి ముందు సుమశ్రీ తన చేత్తో ఒక్క పూటైనా వాళ్ళకి వండిపెట్టాలని మొగుడూ పెళ్ళాల ఒప్పందం.

ఆఫీసు దూరం కాబట్టి వేరు కాపురం పెడుతున్నామని చెబుదామని వంశీ అన్నాడు. ఆ మాట చెల్లుతుందా? అతని ఆఫీసు అటే కావచ్చు గానీ, సుమశ్రీ ఆఫీసు పంజగుట్టలోనే కదా! ఇంట్లోంచి చెప్పులేసుకుని బయల్దేరితే పావుగంటలో సీట్లో కూర్చుంటుంది. అసలు కారణం దూరం కాదు. పొయ్యి.

అత్తగారు వరలక్ష్మి అమీర్‌పేట సందులో కర్రీ పాయింట్ నడుపుతుంది. కింద కొట్టు, పైన ఇల్లు. జావాలూ టెస్టింగులూ నేర్చుకోవడానికి ఊళ్ళనుంచి వచ్చి హాస్టళ్ళలో పడి ఉండే పిల్లలు సగంమంది ఆవిడ చేతి పప్పూ, పులుసూ తినే ఉద్యోగాలు తెచ్చుకున్నారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో కోడల్ని పక్కన నిలబెట్టుకుని ముక్కల పులుసు నేర్పింది కూడా. ఆ తరవాత దసరా వెళ్ళిందో లేదో, ఏం పూనిందో ఏమో, సుమశ్రీ వంటింటి గడప తొక్కితే చాలు, "నీకెందుకమ్మా, అలిసిపోయి వచ్చావు, వెళ్ళు వెళ్ళు" అని తలుపు దగ్గరే ఆపేయడం మొదలుపెట్టింది. ఒకరోజు రెండ్రోజులు కాదు, ఏడు నెలలు. కూర కలపబోతే గరిటె లాక్కుంది. ఒకసారైతే సుమశ్రీ పెట్టిన టీ కూడా పక్కకి జరిపి మళ్ళీ పెట్టింది. 'నా చెయ్యంటే ఈవిడకి అసహ్యం' అని సుమశ్రీ మనసులో గట్టిగా పడిపోయింది. పొయ్యి లేని ఇల్లు నా ఇల్లెలా అవుతుందని ఏడ్చిన రోజే కొండాపూర్ ఇల్లు వెతకడం మొదలైంది.

ఇవాళ మాత్రం మామగారు బుల్లబ్బాయి సిఫార్సు మీద, కొట్టుకి సెలవు కాబట్టి, పైన వంటిల్లు ఒక్క పూటకి సుమశ్రీ చేతికొచ్చింది. ఇక చూడండి.

*

నీళ్ళు తెర్లుతుంటే గుప్పెడు ఉప్పు వేసి పాస్తా వదిలింది. ఒలీవియా కాగితంలో అలాగే ఉంది. రొయ్యలు ఒలిచి, కడిగి, ఉప్పూ పసుపూ పట్టించింది. అది కాగితంలో లేదు, గోదావరి వాళ్ళ కోడలు రొయ్యకి ఉప్పూ పసుపూ పట్టించకుండా బాణలిలో వేస్తుందా? వెన్నలో వెల్లుల్లి, ఉల్లిపాయ, క్యాప్సికం వేయించి, అత్తగారు పులుసులో వేసినట్టు మూడు వేళ్ళతో లెక్క చూసుకుని ఉప్పు చల్లింది. అప్పుడు ఎర్ర డబ్బా మూత తీసింది. ఘాటు గుప్పుమని, వెంటనే మూడు తుమ్ములు వచ్చాయి. రెండు చెంచాలు వేసి చూస్తే రంగు పాలిపోయినట్టు అనిపించింది. మన కారం లెక్కన ఇంకో రెండు వేసింది. ఆ డబ్బా వెనకాల, చీమ తలకాయంత అక్షరాల్లో, అందులో ఏమేం కలిపారో రాసి ఉంది. మొదటి మాటే ఉప్పు. మసాలా డబ్బాలో ఉప్పు కలిపి అమ్ముతారని ఈ పిల్లకి ఎలా తెలుస్తుంది పాపం! మనింట్లో గరం మసాలాలో ఎవరైనా ఉప్పు పోస్తారా?

వంటింటి వెనక వసారాలో కొట్టు గిన్నెలు తోముతున్న రాజమ్మ ఆ ఘాటుకి దగ్గుతూ తొంగిచూసింది. బోరబండ నుంచి వస్తుంది రాజమ్మ. కొట్టు పెట్టిన నాటి నుంచీ వరలక్ష్మికి కుడిచెయ్యి.

"గిదేం వంట బిడ్డా? పైపుల లెక్క ఉన్నయ్ గివి."

"పాస్తా, రాజమ్మా. అమెరికా కారం వేసి చేస్తున్నా."

"మస్తు రంగొచ్చింది. జర నాలిక మీద ఏస్కొని సూడరాదు? ఉప్పు కారం తెలుస్తది."

సుమశ్రీ గరిటె పైకెత్తింది. నోటి దాకా తెచ్చి ఆగిపోయింది. ఆ ఇంట్లో అన్ని నియమాల కంటే పెద్ద నియమం అది. వండేటప్పుడు రుచి చూడకూడదు. కొట్టు గిన్నెలైనా సరే, వండిన ప్రతి కూరలోంచీ ఒక గరిటె ఆకులో పెట్టి వెంకటేశ్వరస్వామి పటం ముందుంచాకే అమ్మకం. అంతవరకూ ఎవరి నాలుకకీ తగలకూడదు, తగిలితే ఎంగిలి. రొయ్యల కూరకి దేవుడి పటం దాకా ప్రవేశం లేకపోయినా నియమం మాత్రం దానికీ వర్తిస్తుంది. వరలక్ష్మికి రుచి చూడాల్సిన పనే లేదు. ఆవిరి వాసన చూసి ఉప్పెంత తగ్గిందో చెప్పేస్తుందని బుల్లబ్బాయి కౌంటర్లో కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరికీ చెబుతుంటాడు.

"వద్దు రాజమ్మా. ఇవాళైనా అత్తయ్యగారి పద్ధతి తప్పకుండా చెయ్యనీ. ఎంగిలి చేశానంటే ఆవిడ ముట్టుకోరు."

రాజమ్మ ఏదో అనబోయి, కొంగుతో మూతి తుడుచుకుంది. "గంతేనా... సరే తియ్. నేనైతె రేపటి సంది రాను బిడ్డా. మా పిల్ల కాన్పుకు సిద్దిపేట పోతున్న, మూణ్ణెల్లు ఆడ్నే ఉంట. అమ్మను జర సూస్కో. మస్తు ఫికర్ల ఉన్నది."

"అత్తయ్యగారికి దిగులా? దేనికి?"

"నేనేం జెప్త? నువ్వే సూస్కో" అని రాజమ్మ గిన్నెలు బోర్లించి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. ఆ మాటకి అర్థమేంటో ఆలోచించే తీరిక సుమశ్రీకి లేదు. క్రీమ్ విరిగిపోతుందేమోనన్న కంగారులో పంచదార డబ్బాని ఎడమకి నెట్టి ఉప్పు డబ్బా చేతికందిన చోట పెట్టేసింది. అక్కడ గూట్లో ఉప్పు డబ్బా, పంచదార డబ్బా ఒకేలాంటి స్టీలువి. ఉప్పు ఎడమ పక్క, పంచదార కుడి పక్క ఉండాలి. ఇప్పుడవి అటుదిటు అయ్యాయి.

*

ఏడున్నరకి నలుగురూ భోజనాల బల్ల చుట్టూ చేరారు. వరలక్ష్మి కూర్చోబోయే ముందు వంటింట్లోకి వెళ్ళి, పెరుగు తోడుకని పాలు సన్నసెగ మీద పెట్టి వచ్చింది. కోడలు వండిన పొయ్యిని ఒకసారి తేరిపార చూసింది.

ఎర్రటి క్రీములో మెరుస్తున్న పాస్తా, మధ్యలో రొయ్యలు, పైన ఉల్లికాడలు. చూడ్డానికి పుస్తకంలో బొమ్మలా ఉంది. బుల్లబ్బాయి లాల్చీ చేతులు పైకి మడుచుకున్నాడు. "ఆయ్! ఏం రంగండీ బాబూ! అమలాపురంలో పుట్టి అమెరికా వంట తింటున్నాం చూశావా వరం?"

వంశీ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. దవడ ఆగిపోయింది. పెళ్ళాం వైపు చూశాడు, మళ్ళీ కంచం వైపు చూశాడు, కళ్ళు మూసుకుని మింగాడు.

బుల్లబ్బాయి నమిలాడు. ఇంకా నమిలాడు. ఆ నమలడం ఎప్పటికి పూర్తవుతుందో తెలియనట్టు చాలాసేపు నమిలాడు. "బాగుందమ్మా... కొత్తగా ఉంది. ఆఁ... మజ్జిగేమన్నా ఉందా తల్లీ? ఊరికేనే. ఎండలు కదా!"

సుమశ్రీ గబగబా తన ముద్ద నోట్లో వేసుకుంది. చిన్నప్పుడు కాకినాడ బీచిలో అల మొహాన కొడితే నోట్లోకి పోయిన నీళ్ళు గుర్తొచ్చాయి. నీళ్ళలో ఉప్పు, రొయ్యల్లో ఉప్పు, వేపుడులో ఉప్పు, ఇక ఆ ఎర్ర డబ్బాలో ఏముందో ఆ దేవుడికే ఎరుక! ఏడు నెలలు ఎదురుచూసి దక్కించుకున్న ఒక్క పూట కాస్తా ఇలా తగలడింది. తలెత్తి చూడ్డానికి మొహం చెల్లక, ఇక తప్పదని అత్తగారి వైపు భయంభయంగా చూసింది.

వరలక్ష్మి తింటోంది.

మాటవరసకి గిల్లుకుని తినడం కాదు. ముద్ద మీద ముద్ద తింటోంది. నుదుటి మీద చెమటలు, ముక్కు ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, పెదాల మీద నవ్వు. కంచంలో ఉన్నది పూర్తి చేసి, "ఇంకొంచెం వెయ్యమ్మాయ్" అంది.

సుమశ్రీ తన చెవుల్ని తనే నమ్మలేదు. ఇంకో గరిటె వడ్డించింది. వరలక్ష్మి అదీ తినేసింది. "ఏం కారమే తల్లీ! చెవుల్లోంచి ఆవిర్లొస్తున్నాయి. చాలా బాగా చేశావు."

కడుపు మాడ్చుకుంటుంది గానీ కూరలో అర ఉప్పురాయి ఎక్కువైనా ఊరుకోదు ఈవిడ. ఉప్పు ఎక్కువైందని కొట్టులో తన కూర తనే పారబోసిన మనిషి. అలాంటి మనిషి కోడలి మనసు నొప్పించకూడదని ఇంత ఉప్పు కషాయాన్ని అమృతంలా తాగుతోంది. 'ఈవిణ్ణా నేను వదిలేసి వెళ్దామనుకున్నది?' అని తన మీద తనకే రోత పుట్టింది. బల్ల కింద వంశీ కాలు తొక్కి, వద్దు, ఇవాళ చెప్పొద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపింది. అతనికి వేరేలా అర్థమైంది. ఇంకా తినమంటోందని హడలిపోయాడు.

అంతలో వరలక్ష్మి వేళ్ళు దులుపుకుంటూ, నలుగురికీ వినిపించేలా, అలవాటైన అధికారంతో అంది:

"ఉప్పే... అర చిటికెడు తగ్గింది. మొదటిసారి కదా, మామూలేలే."

వంశీ పొట్ట పట్టుకుని నవ్వాడు. బుల్లబ్బాయి మజ్జిగ పొలమారేలా నవ్వాడు. "అదీ! అదీ మీ అత్తగారి చమత్కారం! అర చిటికెడు తగ్గిందట! ఒసేయ్ వరం, చంపేశావే!"

వరలక్ష్మి నవ్వలేదు. కొడుకు మొహం, మొగుడి మొహం, కోడలి మొహం, ఒకదాని తరవాత ఒకటి చూసింది. ఇంతకీ తను అన్నదాంట్లో నవ్వాల్సిందేంటో తెలియని చూపు అది. అందరూ నవ్వుతున్నారు కాబట్టి, కొంచెం ఆలస్యంగా, తనూ నవ్వింది.

ఆ ఆలస్యం మగాళ్ళిద్దరూ చూడలేదు. సుమశ్రీ చూసింది.

"పాలు చూసొస్తా" అని వరలక్ష్మి లేచి లోపలికి వెళ్ళింది.

*

కంచాలు ఎత్తుకుని సుమశ్రీ వెనకే వెళ్ళింది. గడప దాటకముందే తెలిసింది, పాలు అడుగంటాయి. మాడు వాసన వంటిల్లంతా నిండిపోయింది. పైన తరక తెల్లగా, బుద్ధిగా ఉంది. గిన్నెకి మూరెడు దూరంలో వరలక్ష్మి నిలబడి, గట్టు తుడుస్తోంది. తీరుబడిగా, మూలమూలలా తుడుస్తోంది.

"ఏంటే మాడుతోంది?" అని ముందు గదిలోంచి బుల్లబ్బాయి కేకేశాడు.

వరలక్ష్మి ఉలిక్కిపడి పొయ్యి వైపు తిరిగింది. పాలని చూసింది. ఏమీ మాడినట్టు కనపడక, కళ్ళు చికిలించి గిన్నె చుట్టూ వెతికింది. సుమశ్రీ వెళ్ళి స్టవ్ కట్టేసింది. గరిటె పెట్టి అడుగు గీకితే నల్లటి పెచ్చులు పైకి తేలాయి.

ఇద్దరూ ఆ పెచ్చుల్నే చూస్తూ నిలబడ్డారు.

"ఎన్నాళ్ళైందండీ?" అంది సుమశ్రీ మెల్లగా.

"దేనికి?"

"వాసన తెలియక."

"పిచ్చి పిచ్చిగా మాట్లాడకు!" వరలక్ష్మి గొంతు పైకి లేచింది. "నా ముక్కు సంగతి అమీర్‌పేటలో ఎవర్నడిగినా చెబుతారు. ఏదో పరాకులో ఉన్నా. ఎప్పుడూ ఎవరింట్లోనూ పాలు అడుగంటవా?"

"అత్తయ్యగారూ, నేను వండిన దాంట్లో ఉప్పు నాలుగింతలు ఎక్కువైంది. ఒక్క ముద్దకే మావయ్యగారు మూడు గ్లాసుల మజ్జిగ తాగారు. మీరు రెండుసార్లు వడ్డించుకున్నారు. పైగా తగ్గిందన్నారు."

వరలక్ష్మి తుడుస్తున్న గుడ్డని పిండసాగింది. అందులో నీళ్ళు లేవు. పిండుతూనే ఉంది. తరవాత వెళ్ళి వంటింటి తలుపు దగ్గరగా వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. మనిషి ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు కనిపించింది.

"వినాయకచవితి వెళ్ళాక నాకు జ్వరం వచ్చింది చూడు, ఎనిమిది రోజులు. జ్వరం తగ్గింది. ముక్కూ నాలుకా తిరిగి రాలేదు."

"డాక్టరుకి చూపించారా?"

"పంజగుట్టలో ఒకాయనకి చూపించా. రాజమ్మ తోడొచ్చింది. రావచ్చు, రాకపోవచ్చు, ఓపిక పట్టమన్నాడు. ఏడు నెలల్నుంచి పడుతూనే ఉన్నా. అన్నం తింటే దూది నమిలినట్టుంటుందే. పప్పుకీ పాయసానికీ తేడా తెలీదు. మామిడిపళ్ళొచ్చాయి కదా మొన్న, మీరంతా తింటుంటే నేనూ తిన్నా. తియ్యగా ఉందా అమ్మా అని వంశీ అడిగితే, తియ్యగా ఉందిరా అన్నా."

ఆ మాటకి సుమశ్రీకి కళ్ళు నిండాయి. "మరి ఇవాళ అంత ఇష్టంగా తిన్నారు కదండీ..."

"నిన్ను మెప్పించడానికి తిన్నానుకున్నావా?" వరలక్ష్మి తల అడ్డంగా ఊపింది. "కారం తెలిసిందే! మంట తెలిసింది. మీ మామగారి కడుపు మంటకి భయపడి ఇంట్లో కారం ఎప్పుడో చచ్చుబడిపోయింది. ఇవాళ నీ వంట నోట్లో పెట్టుకుంటే, నాలుకనేది ఒకటుందని గుర్తొచ్చింది. అందుకే మళ్ళీ వెయ్యమన్నా. ప్రాణం లేచొచ్చింది తల్లీ, నిజం."

"కొట్టులో మరి? రోజూ పదిహేను కూరలు వండుతున్నారు కదా!"

చెప్పేటప్పుడు వరలక్ష్మి కోడలి మొహం వైపు చూడలేదు. "రాజమ్మ చూస్తుంది. పెరట్లోకి తీసుకెళ్ళి, రుచి చూసి, ఉప్పు చాలకపోతే చెవి పట్టుకుంటుంది, ఎక్కువైతే ముక్కు. ఆవిడ రాని రోజునే చారు పులిసిపోయిందనీ, పప్పు మాడిందనీ పిల్లలు గొణిగింది. ఎంగిలి, ఎంగిలి అని ఇరవయ్యేళ్ళు ఇంటిల్లిపాదినీ ఆడిపోసుకున్నదాన్ని, ఎంగిలి చేయించి ఆ స్వామి ముందు పెడుతున్నా. రోజూ పెడుతూ రోజూ లెంపలేసుకుంటున్నా."

సుమశ్రీకి ఇప్పుడు ఒక్కొక్కటే అర్థమవుతోంది. లాక్కున్న గరిటె. తలుపు దగ్గరే ఆపేసిన మాట. పక్కకి జరిపిన టీ కప్పు. "అందుకనా నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వనిది?"

"నీ కళ్ళు చురుకైనవి. రెండు రోజులు నా పక్కన నిలబడితే పట్టేస్తావు. వంశీకి చెబుతావు. వాడు నా మీద ప్రేమతోనే కొట్టు మూయించేస్తాడు. కొట్టు లేకపోతే నేనెవర్నే? అందుకని నిన్ను దూరం పెట్టా. ఆ రోజు నీ టీలో పంచదార వేశావో ఉప్పు వేశావో నాకు తెలీదు, బాగుందని అబద్ధమాడలేక మళ్ళీ పెట్టుకున్నా. గదిలోకి వెళ్ళి నువ్వు ఏడ్చావు. తలుపు బయట నిలబడి విన్నా. లోపలికి రావడానికి ధైర్యం చాల్లేదు."

"నేను... నా చెయ్యంటే మీకు అసహ్యమనుకున్నానండీ."

"అసహ్యమా!" వరలక్ష్మి కోడలి రెండు చేతులూ పట్టుకుంది. ఎర్ర మసాలా మరకలున్న ఆ వేళ్ళని గుండెకి హత్తుకుంది. "పిచ్చిపిల్లా. పెళ్ళిచూపుల్లో నువ్వు ఉప్మా తిన్న పద్ధతి చూసే నిన్ను ఒప్పుకున్నా. రుచి తెలిసిన పిల్లనుకున్నా."

అత్తాకోడళ్ళిద్దరూ ఏడుస్తూ నవ్వారు, నవ్వుతూ ఏడ్చారు. ముక్కులు చీదుకున్నారు. ఆ తరవాత వరలక్ష్మి గొంతు బాగా తగ్గించి అడిగింది.

"రాజమ్మ రేపట్నుంచి రాదు. మూణ్ణెల్లు. పొద్దున్నే అయిదింటికి నాతో కిందకి వస్తావా? గంట చాలు, తరవాత నీ ఆఫీసుకి వెళ్ళు. నాకు చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఎవరికీ చెప్పకు. మీ మామగారికి అసలు చెప్పకు. ఆయన నా ముక్కు గురించి గొప్పలు చెప్పుకుంటూ బతుకుతున్నాడు."

"వస్తాను అత్తయ్యా" అంది సుమశ్రీ. పెళ్ళయిన ఈ పద్నాలుగు నెలల్లో 'గారు' అనకుండా పిలవడం ఇదే మొదలు. ఆ పిలుపుకి వరలక్ష్మి మొహం విచ్చుకోవడం చూస్తుంటే, కొండాపూర్ మూడో అంతస్తు ఎక్కడో, ఎవరిదో అనిపించింది. వెళ్ళి వంశీ నోరు మూయించాలనుకుంది.

అంతలోనే తలుపు తోసుకుని బుల్లబ్బాయి వచ్చేశాడు. వెనకాల వంశీ, మొహమంతా వెలిగిపోతూ ఉన్నాడు.

"వరం, విన్నావా? పిల్లలు కొండాపూర్‌లో ఇల్లు చూసుకున్నారట! రేపు పదింటికి తాళాలట! ఆయ్, వీడు నన్నిప్పుడు భయపడుతూ అడిగాడు. నేను తిడతానని భయమట! కుర్రాళ్ళు, ఆఫీసు దగ్గర ఉండాలి కదా మరి." అంత హుషారుగా మాట్లాడుతున్న మనిషి కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

సుమశ్రీ చేతుల్ని పట్టుకున్న చేతులు వదులయ్యాయి. వరలక్ష్మి కోడలి మొహంలోకి చూసింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. 'అయితే రేపు అయిదింటికి...' అన్న ప్రశ్న ఒక్కటి కళ్ళలో మెదిలి, అంతలోనే ఆరిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"మంచి మాటేగా! ఇలాంటి మాట చెప్పినప్పుడు నోరు తీపి చెయ్యొద్దూ? ఉండండి" అంది. గూటి వైపు తిరిగి, చూడకుండానే, ఇరవయ్యేళ్ళ అలవాటు చొప్పున కుడి పక్క డబ్బా అందుకుంది. మూత తీసి, చెంచా నిండా తీసింది. "ముందు కోడలికి. ఆ తరవాతే ఎవరికైనా."

డబ్బాలు అటుదిటు పెట్టింది తనేనని సుమశ్రీకి అప్పుడు గుర్తొచ్చింది. చెంచా నోటి దగ్గరికి వచ్చేసింది. చెంచాలో ఉన్నది మెత్తటి పొడి. వెనకాల మామగారు, వంశీ చూస్తున్నారు. ఆమె నోరు తెరిచింది. చెంచాడు ఉప్పు నాలుక మీద పడింది. కంటి రెప్ప కదలకుండా, ఒంటి మీద వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకుంటుండగా, మింగింది.

"తియ్యగా ఉంది అత్తయ్యా" అంది.

వరలక్ష్మి ఆ గొంతు విన్నది. కోడలి మెడ మీద లేచిన నరాన్ని చూసింది. చేతిలో డబ్బా వైపు చూసింది. ఒక్కసారిగా అర్థమై, ఆవిడ మొహంలో నెత్తుటిచుక్క లేకుండా పోయింది.

"నా వంతు, నా వంతు!" అని బుల్లబ్బాయి నోరు తెరుచుకుని ముందుకొచ్చాడు.

"ఓనరుకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తున్నా సుమా, రేపు వస్తున్నామని" అంటూ వంశీ సెల్‌ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

సుమశ్రీ ఒక చేత్తో అత్తగారి చేతిలోంచి డబ్బా లాక్కుంది. రెండో చేత్తో మొగుడి చేతిలో ఫోన్ లాక్కుంది. ఫోన్లో అవతల ఓనరు "హలో, హలో" అంటున్నాడు. ఉప్పుకి కోసుకుపోతున్న గొంతుతో ఆమె అంది:

"ఆగండి. ముందు నేనొక మాట చెప్పాలి."

మాడిన పాల వాసన నిండిన ఆ వంటింట్లో ముగ్గురూ ఆమె వైపే చూస్తున్నారు. ఇద్దరు చెప్పమని చూస్తున్నారు. గూటికి ఆనుకుని నిలబడ్డ వరలక్ష్మి, చెప్పొద్దని చూస్తోంది.